ఎనకకు మర్లని చైను బండి

నిన్నటి సంది నా చేతుల వణుకు ఆగలే. చూడుండ్రి, చాయ్ కప్పుల ఎంత ఉన్నదో, సాసర్ల ఎంత పోయిందో. ఖాదర్ మిస్త్రీ, అంటె నేను, అమీన్ సాబ్ గోడ కూలగొట్టిండని బజార్ల చెప్పుకుంటున్నరు కదా, అది ఉత్త అబద్ధం. ఇప్పమన్నది అమీన్ సాబే. మళ్ల కట్టమన్నది గూడ అమీన్ సాబే. నడుమల నా పానం ఎన్నిసార్లు పోయి మర్లి వచ్చిందో, గది మాత్రం ఎవ్వరు చెప్తలేరు. నేను చెప్త, వినుండ్రి. నవ్వేది ఉంటె ఆఖరికి నవ్వుండ్రి.

శివ్వంపేట దిక్కు అంజిరెడ్డి పటేలు ఉన్నడు గద, తెల్ల ధోతి, పెద్ద గొంతు. మనిషి మంచోడే. ఆయనకు చెరువు కింద పొలం ఉన్నది. పొలం అంటె ఏం పొలం, నల్లటి రొంపి. ఎడ్లు దిగితె పొట్ట దాక దిగవడతయ్. ఈయన హైద్రాబాద్ పోయి మిలిట్రీ సామాన్ హర్రాజుల ఒక పాత చైను బండి కొన్నడు. దానికి రబ్బరు టైర్లు ఉండవు. రెండు పక్కల ఇనుప పట్టీల చైన్లు ఉంటయ్, గవి తిరుగుకుంట యుద్ధం ట్యాంకు లెక్క పోతది. రొంపిల మస్తు పోతదని ఎవడో చెప్పిండంట. పోయింది. నడి పొలం దాక పోయి కడుపు ఆనిచ్చి కూసున్నది. ఊర్ల ఉన్న ఎడ్లన్ని కట్టి గుంజిండ్రు.

అప్పుడు నా షెడ్డుకు తెచ్చిండు. నేను చుట్టు తిరిగి చూసి, పెద్ద ఇంజినీరు లెక్క గడ్డం గోక్కొని ఒక మాట అన్న. మనిషి రొంపిల నిలవడితె దిగవడతడు, పండుకుంటె దిగవడడు. ఈ బండి నిలవడ్డది పటేలా, దీన్ని పండవెట్టాలె. చైను పొడుగు చేస్తె భూమ్మీద ఆనేది ఎక్కువైతది, బరువు పంచుకుంటది. పటేలుకు ఆ మాట నచ్చింది. నాకు ఇంక ఎక్కువ నచ్చింది. మన మాట మనకే గంత నచ్చిననాడు జెర భయపడాలె. నేను భయపడలే. భయమంత నిన్నటి కోసం దాచిపెట్టుకున్నట్టున్న.

పని మాత్రం మంచిగ చేసిన. గదే జాతి ఇంకో తుక్కు బండి దొరికితె దాని పట్టీలు ఇప్పుకొచ్చిన. ముందటి చక్రాన్ని మూరెడు ముందుకు జరిపి, ఫ్రేముకు ఇనుప దూలం అతికి, నడుమల కొత్త రోలర్లు ఎక్కిచ్చిన. పట్టీలు కలిపి పిన్నులు కొట్టి చైను బిగిచ్చిన. అయ్యేవరకు బండి పొడుగ్గ మొసలి తీరు కనవడ్డది. మా ఇంటామె వచ్చి చూసి, గింత పొడుగైంది, ఇది తిరుగుతదా అని అడిగింది. ఎందుకు తిరగది అన్న. ఒకసారి నడిపి చూడరాదు అన్నది.

ఆడిదానికి ఉన్న తెలివి నాకు లేకపాయె అంటరేమో. తెలివి ఉండె, నడపనీకె హుకుం లేకుండె. పటేలు వాళ్లమ్మ లచ్చవ్వ ముహూర్తం పెట్టిచ్చింది. ముహూర్తం కాకముందు బండి జరగొద్దన్నది. లచ్చవ్వను మీరు చూడలే. ముడుచుకొని కూసుంటె బియ్యం సంచి అంత ఉంటది. గని ఆమె గొంతు సవరిచ్చుకుంటె పటేలు అంతటోడు చెప్పులిడిసి నిలవడతడు. ఆమె నా దిక్కు చూస్తె నేను చేయని తప్పులు గూడ నాకు యాదికొస్తయ్.

బోణికి ఆమె పెట్టిన కట్టుబాట్లు వినుండ్రి. బండి కింద నిమ్మకాయలు పెట్టాలె. బోణినాడు బండి ముందుకే పోవాలె, ఒక్క అడుగు గూడ ఎనకకు రావొద్దు. ఆపేటప్పుడు తూర్పు ముఖం పెట్టి బంద్ చెయ్యాలె. బంద్ చేసినంక మళ్ల తెల్లారి పొద్దు పొడిసేదాక ఇంజన్ ముట్టియ్యొద్దు. ఎనకకు వస్తె ఏమైతది అవ్వా అని ఊకె అడిగిన. వాళ్ల మామ కాలంల కొత్త ఎడ్లబండిని బోణినాడు ఎవడో ఎనకకు నూకిండంట. ఆ యేడు బావి ఎండింది, పెద్దెద్దు సచ్చింది, మామకు కాలు చెయ్యి పడిపోయింది. గవన్ని మెల్లగ చెప్పి, నూకినోడు గూడ బతకలేదు బిడ్డా అన్నది. నేను గివన్ని నమ్మనని పైకి అంట. మా అమ్మీ గూడ గదే మాట అంటుండె, అందుకని లోపట నమ్ముత.

ఇగ నిన్న పొద్దుగాల. మా షెడ్డు తెరిస్తె ఎదురుంగ తొవ్వ పడమటికి సక్కగ పోతది, అమీన్ సాబ్ కోటర్ గోడ కాడ ఎడమకు తిరుగుతది. మన ఠాణాకు కొత్తగ వచ్చిన అమీన్ సాబ్ సంగతి మీకు ఎరికే. సంతల ఇద్దరు తలకాయలు పగులగొట్టుకుంటుంటె ఆయన ఏమనలే, ఊకె నిలవడి చూసిండు. వాళ్లే కలిసిపోయి ఒకరి రక్తం ఒకరు తుడుసుకున్నరు. నేను ఆయన కోటర్ ముందటికెళ్లి పోతె సైకిల్ దిగి నడిపిచ్చుకుంట పోత. ఎవరు చెప్పలే దిగమని, కాళ్లే దిగుతయ్.

నిమ్మకాయల కాడనే పంచాయితి అయింది. టైరుకు ఒకటి పెడ్తరు, మరి చైనుకు ఎన్ని? పటేలు రెండు చాలన్నడు. అవ్వ పట్టీకొకటి అన్నది. బజార్ల నిమ్మకాయలన్ని మా షెడ్డుకే వచ్చినయ్. హారతి అయినంక అవ్వ నేను గూడ ఎక్కుత అన్నది. నా సీటు ఎనక కట్టె పెట్టె కట్టిండ్రు. దాని మీద కూసున్నది, ఒక చేతుల పళ్లెం, ఒక చేతుల చేతికర్ర. కర్ర కొన సక్కగ నా వీపుకే. మా ఇంటామె ఉరికొచ్చి నా దండ చెయ్యికి ఇమామ్ జామిన్ కట్టింది. దూరం పోయేటోళ్లకు రూపాయి బిళ్ల గుడ్డల చుట్టి కడ్తరు గద, గది. సందు దాటేటోనికి గూడ కట్టిందంటె ఆమెకు నా మీద ఎంత నమ్మకమో చూడుండ్రి.

ఇంజన్ ముట్టిచ్చిన. నిమ్మకాయలన్ని పచపచ పగిలినయ్. బండి ముందు డప్పులు, ఎనక జనం. చైను బండి పోకడ ఎట్లుంటదంటె, పక్కన ముసలోడు నడుస్తుంటె ఆయనే ముందుగాల పోతడు. నేను రెండు చేతులు రెండు కర్రల మీద పెట్టి షాన్‌గ కూసున్న. ఈ బండికి స్టీరింగ్ ఉండది. ఎడమ కర్ర గుంజితె ఎడమ చైను ఆగుతది, కుడి చైను నూకుతది, ముక్కు ఎడమకు తిరుగుతది. గంతే.

మలుపు వచ్చింది. ఎడమ కర్ర గుంజిన. ఎడమ చైను ఆగింది. ముక్కు తిరగలే.

ఇంక గుంజిన. బండి కిర్రుమని మూలిగింది, కింద మొరం పిండి అయింది, ముక్కు మాత్రం అమీన్ సాబ్ గోడ దిక్కే ఉన్నది. అప్పుడు నాకు నా లెక్క ఏడ దెబ్బ తిన్నదో తెలిసింది. పండుకున్న మనిషి రొంపిల దిగవడడు, నిజమే. గని నిలవడ్డోణ్ని తిప్పినట్టు పండుకున్నోణ్ని తిప్పుతవా? వాణ్ని ఈడ్వాలె. గట్టి తొవ్వ మీద గంత పొడుగు చైను భూమిని పట్టుకొని ఇడుస్తలేదు. మా ఇంటామె అడిగిన మాట అప్పుడు చెవుల గంట కొట్టినట్టు వినవడ్డది.

భయం ఎట్లొస్తదో నాకు నిన్ననే ఎరికైంది. ముందుగాల అరికాళ్లు సల్లగైనయ్. తర్వాత నోట్లె తడి పోయింది. జోరుగ పోయే లారీ అయితె కండ్లు మూసి తెరిసేవరకు ఏదో ఒకటి అయిపోతది. ఇది గట్ల గాదు. గోడ మెల్లగ వస్తుంది. ఒక్కొక్క రాయి కనవడ్తుంది. రాళ్ల నడుమ మొలిసిన గడ్డి కనవడ్తుంది. నేను మాత్రం రెండు చేతుల కర్ర గుంజుకుంట, అల్లాను తలుసుకుంట, అవ్వకు ఇనవడకుంట ఏడుస్తున్న. డప్పులోళ్లకు ఏం తెలుసు, వాళ్లు పక్కకు తిరిగి సక్కగ మలుపు దాటి పోయిండ్రు. నేను గోడకు జానెడు దూరంల క్లచ్ గుంజి ఆపిన.

వీపుల కర్ర పొడిసింది. ఎందుకు ఆపినవ్ అన్నది అవ్వ. తిరుగుతలేదు అవ్వా, ఒక్క మూరెడు ఎనకకు తీసి జెర జెర తిప్పుకుంట పోత అన్న. ఆమె కర్ర వీపు మీదికెళ్లి తీయలే. పటేలు దిక్కు చూసిన. పటేలు ఆకాశం దిక్కు చూసిండు. ముందట అమీన్ సాబ్, ఎనక అవ్వ, నడుమల నేను, కింద ఇంజన్ గుడగుడ.

చిన్న దర్వాజ తెరిసి అమీన్ సాబ్ బయటికొచ్చిండు. లుంగి, బనీను, సగం ముఖానికి సబ్బు నురుగు, చేతుల గీసుకునే కత్తి. జనమంత ఎటు పోయిండ్రో, తొవ్వ ఊడ్చినట్టయింది. ఆయన బండిని చూసిండు, గోడను చూసిండు, నన్ను చూసిండు. ఇది ఎనకకు పోతదా అని మెల్లగ అడిగిండు. పోతది సాబ్ అన్న. మరి తియ్యి అన్నడు. నేను గేరు మీద చెయ్యేసిన. వీపుల కర్ర ఇంక లోపటికి దిగింది. చెయ్యి తీసేసిన.

"నేనంటె భయం లేదా నీకు?" అన్నడు.

నా నోట్లెకెళ్లి ఆ మాట ఎట్లొచ్చిందో ఖుదా కసమ్ నాకు తెల్వదు. భయం ఎక్కువైతె మనిషి నిజం చెప్తడేమో.

"మస్తు భయం సాబ్. గని మీకు ట్రాన్స్‌ఫర్ ఉంటది. అవ్వకు ఉండది."

ఆయన చెంప మీద నురుగు జారి బనీను మీద పడ్డది. ఇగ నా బతుకు ఖతం అనుకున్న. పిల్లలు యాదికొచ్చిండ్రు. ఠాణాల చీకటి అర్ర ఎప్పుడు చూడకున్నా కండ్ల ముందటికొచ్చింది. అప్పుడే దర్వాజలకెళ్లి అమీన్ సాబ్ వాళ్లమ్మ తొంగి చూసింది. సంగతేందని అవ్వను అడిగింది. అవ్వ బండి మీదికెళ్లే చెప్పింది, బావి, పెద్దెద్దు, మామ, అన్ని వరుసగ. అంత విని ఆ పెద్దమ్మ కొడుకు మీదికి తిరిగింది. బోణి బండిని మన వాకిట్లకెళ్లి ఎనకకు కొట్టిస్తవా, రేపు మీ పెద్ద సాబ్ మాయినకు, ఠాణా చూడనీకె వస్తుండు, నీ ప్రమోషన్ ఏం గావాలె అని గట్టిగనే అడిగింది. అందరం వింటుంటిమి. అంత పెద్ద మీసం చిన్నగ అయిపోయింది.

అమీన్ సాబ్ నా దగ్గరికొచ్చి, నాకొక్కనికే ఇనవడేటట్టు అన్నడు, "మా ఇంట్ల గూడ ఒకరికి ట్రాన్స్‌ఫర్ లేదు. గోడ ఇప్పు."

పటేలు జీతగాళ్లు, నేను కలిసి బండి పట్టేటంత గోడ ఇప్పినం. ఎవ్వరు పాడు చేయొద్దు, రాళ్లు వరుసగ పేర్సుండ్రి అని జవాను నెత్తి మీద నిలవడ్డడు. ఇంజన్ బంద్ చేయలే గద, మళ్ల బండెక్కిన. కింద మిగిలిన పునాది రాళ్ల మీదికి చైను ఎక్కింది. ముక్కు లేసింది, లేసింది, నాకు ఆకాశం తప్ప ఏం కనవడలే. ఎనక అవ్వ పాట అందుకున్నది. ఆమెకు భయం లేదు, ఆమె భయమంత నేనే పడ్తున్న. నడుమ దాక ఎక్కినంక బండి దభీమని లోపట పడ్డది. పండ్లు కరుసుకొని నాలిక తెగింది.

కండ్లు తెరిసి చూస్తె ఎదురుంగ అమీన్ సాబ్ వరండా. కుర్చీ, అద్దం, నీళ్ల చెంబు. అవ్వ, తూర్పుకు తిప్పు అంటున్నది. తిరగని బండిని ఎటు తిప్పాలె? కలిమా చదువుకొని, కాలు ఆనిచ్చి, ఎడమ కర్రను రెండు చేతుల గుంజిన. నమ్ముతరా, బండి తిరిగింది. ఆ పెద్దమ్మ వంకాయ మడ్లకు పొద్దుగాల్నే నీళ్లు పెట్టిందంట. ఆ మెత్తటి మట్టిల గిరగిర తిరిగింది. నా చైను రొంపి కోసం చేసిన చైను ఆయె, రొంపి దొరికినంక దాని తడాఖ చూపిచ్చింది. వంకాయ చెట్టు ఒక్కటి మిగలలే. సక్కగ తూర్పు ముఖం, తీసిన గోడ సందుకు ఎదురుంగ వచ్చి నిలవడ్డది. బంద్ చేసిన. పటేలు నన్ను అలుముకున్నడు. అమీన్ సాబ్ వంకాయ మడిని చూసి వాళ్లమ్మ దిక్కు చూసిండు. మంచిగ దున్నిచ్చినవ్ బిడ్డా అన్నది ఆమె.

గక్కడికే అయిపోతె నేను ఈడ గిట్ల వణుకుకుంట కూసోకపోదు.

అవ్వ దిగి, నా దిక్కు వేలు చూపి, పొద్దు పొడిసేదాక ముట్టియ్యొద్దు అన్నది. అట్లనే అవ్వా అన్న. ఆమె, పటేలు ఊర్ల ఉన్న సుట్టాల ఇంటికి పోయిండ్రు. అమీన్ సాబ్ ముఖం కడుక్కొని, బట్టలేసుకొని వచ్చిండు. బట్టలేసుకుంటె మీసం మళ్ల పెద్దగైంది. పొద్దూకేవరకు గోడ లేవాలె, పొద్దుగాల పెద్ద సాబ్ వచ్చేవరకు బండి ఈడ ఉండొద్దు అన్నడు. జీ సాబ్ అన్న. జవానును కాపలా పెట్టి ఠాణాకు పోయిండు.

నేను ఏం జేసిన? చెప్పింది చెప్పినట్టు చేసిన. సున్నం కలిపిన, రాళ్లు ఎత్తిన, గోడ కట్టిన. ఇనుము పని చేసిన చెయ్యి, ఏం చేసినా గట్టిగనే చేస్తది. నడుము ఎత్తు లేసినంక ఊపిరి తీసుకుందామని తల ఎత్తి చూసిన. గోడ మీదికెళ్లి బండి నన్ను చూస్తుంది. నేను బయట ఉన్న. బండి లోపట ఉన్నది. ఆ కోటర్‌కు ఉన్నది ఒక్కటే దర్వాజ, దాంట్లకెళ్లి బర్రె గూడ పట్టది.

అప్పుడు ఆగిపోవాలె గద. ఎట్ల ఆగాలె? బండి తీద్దామంటె అవ్వ ముట్టియ్యొద్దన్నది. గోడ ఆపుదామంటె అమీన్ సాబ్ లేవాలన్నడు. జవాను గూడ చూసిండు, బండిని, గోడను. భాయ్, బండి లోపటనే ఉన్నది గద అన్న. నాకు గోడ సంగతే చెప్పిండ్రు, బండి సంగతి చెప్పలే అన్నడు. పొద్దూకుతుంటె అమీన్ సాబ్ ఠాణాకెళ్లి వచ్చిండు. చెప్పాలని దగ్గరికి పోయిన. నోరు తెరిసిన. ఆయన గోడ మీద అరచెయ్యి పెట్టి నూకి చూసి, శబాష్ అన్నడు. నేను సలాం చేసి సైకిల్ నడిపిచ్చుకుంట ఇంటికొచ్చిన. బువ్వ తినలే.

ఇయ్యాల పొద్దుగాల పిలుపొచ్చింది. పోయేవరకు పెద్ద సాబ్ వచ్చేసే ఉన్నడు. ఆయన బండి చుట్టు తిరుగుతుండు, ఆయన ఎనక అమీన్ సాబ్ తిరుగుతుండు. పెద్ద సాబ్ చిన్న దర్వాజను చూసిండు, నాలుగు దిక్కుల గోడ చూసిండు, కట్టెతోని చైను మీద కొట్టిండు. ఈ బండి లోపటికి ఎట్లొచ్చింది అని అడిగిండు. అమీన్ సాబ్ చెమట మీసంలకెళ్లి కారుతుంది. ఆయన నా దిక్కు చూసిండు. గంత పెద్దమనిషి నన్ను బతిలాడినట్టు చూసేవరకు నాకు నా గురించి కంటె ఆయన గురించే భయమైంది. ఇగ మళ్ల నిజమే వచ్చింది నోట్లకెళ్లి.

"బండి పాతది సాబ్. గోడ కొత్తది."

పెద్ద సాబ్ గోడను గూడ కట్టెతోని కొట్టి చూసిండు. తర్వాత ఠీక్ హై అని ఠాణా చూడనీకె పోయిండు. ఆయన జీపు మలుపు దాటినంక అమీన్ సాబ్ ఒక మాట గూడ తిట్టలే. లోపటికి పోయి గడ్డపార తెచ్చి నా చేతుల పెట్టిండు.

గిదే, ఈ చాయ్ హోటల్ గోడకు ఆనిచ్చింది గదే గడ్డపార. చాయ్ తాగిపోయి మళ్ల ఇప్పాలె. అవ్వ అప్పుడే తానం చేసొచ్చి బండెక్కి కూసున్నదంట. గోడ ఇప్పినంక ఆ బండి గట్టి తొవ్వ మీద తిరగది, సక్కగ పోతె వచ్చేది మా షెడ్డే, షెడ్డు ఎనక మా ఇల్లే. మా ఇంటామెకు కబురు పంపిన, బర్రెను ఇడిసి పక్కకు కట్టుమని.

మీరు నవ్వుతనే ఉన్నరు. నవ్వుండ్రి. నిన్న ఒక్క మూరెడు ఎనకకు తీసుంటె ఇదంత ఉండకపోవు. పొద్దుగాల ఊకె ఒకసారి వంగి చూసిన, బండికి రివర్స్ గేరు మస్తుగనే ఉన్నది. లేంది నాకు గుండె.